పూజలో ఉన్న సర్వరు

మొన్న విజయదశమి పొద్దున మా చెల్లెలి కూతురు, ముందురోజు పూజలో పెట్టిన లాప్‌టాప్‌ను తీసుకుని, మూత మీది గంధం బొట్టు చెరగకుండా మెల్లగా తెరిచి, కోవిల్‌పట్టిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఏదో స్క్రిప్టు నడపబోయింది. చెన్నై కంపెనీ ఉద్యోగం, ఇంట్లో కూర్చునే చేస్తుంది. కాసేపటికి విసుగ్గా ‘డేటాబేసు కనెక్ట్ అవలేదు పెద్దమ్మా’ అంది. నేను వంటింట్లో ప్రసాదం బొరుగుల్లో బెల్లం కలుపుతూ, ఆలోచించకుండా, ‘ఆడ ఇంకా పూజ ఎత్తలేదేమో, అడుగు’ అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు మీరు చూడాల్సింది. పెద్దమ్మకు మతి పోతోందా అని దానికి నిజంగానే అనుమానం వచ్చినట్టుంది. సర్వరు ఎక్కడుందో తనకే తెలియదనీ, ముంబైలో ఉండొచ్చు, సింగపూరులో ఉండొచ్చు, దాన్ని ఎవరూ పూజలో పెట్టరనీ ఓపికగా చెప్పింది.

దానికి నేనేం చెప్పను? నా వయసువాళ్ళు, అంటే ఫోనుతీగ మీద కంప్యూటరు కూతలు విన్నవాళ్ళు, మీకైతే చెప్పగలను. ఇంకోమాట కూడా ముందే చెప్పేస్తాను. మాది తరతరాలుగా తమిళదేశంలో ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు నేను పెళ్ళయ్యాక, ముప్పై దాటాక, పట్టుబట్టి నేర్చుకున్నాను. మా ఇంటి తెలుగు విని ఆంధ్రనించి వచ్చినవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, మా అవ్వ మాట్లాడిన మాట అది. ఇక్కడ ఆమె మాటలను ఆమె అన్నట్టే రాస్తాను.

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. ఆమెకు ఇద్దరు కొడుకులు, నాకు ఇద్దరు మేనమామలు. ఎట్టయాపురం చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో పండే మినుములు, పెసలు, మిరపకాయలు కొని అమ్మే మండీ ఒకటి తాత కాలంనించీ కోవిల్‌పట్టిలో ఉండేది. తాత పోయాక దాన్ని పెద్దమామ చూసుకునేవాడు. చిన్నమామకు రెక్కలు వచ్చాక విరుదునగర్‌లో, పెద్ద వ్యాపారులంతా ఉన్న వీధిలో, ఇంకో కొట్టు తెరిచాడు. పేరుకు రెండు కొట్లు, వ్యాపారం ఒక్కటే: కోవిల్‌పట్టిలో కొన్న సరుకు విరుదునగర్ గోదాముకు పోతుంది, ఎవరు ఎక్కడ బేరం కుదుర్చుకున్నా ఆ గోదాములోంచే ఇస్తారు. చిన్నమామ భార్యకు కాన్పు అని సాయానికి వెళ్ళిన అవ్వ, మనవడి ముఖం చూసి అక్కడే ఉండిపోయింది. అది పెద్దమామ మనసులో ముల్లులా ఉండేదని నాకు తరవాత అర్థమయింది. ఆయన చూడ్డానికి గంభీరంగా ఉండేవాడు గానీ లోపల చిన్నపిల్లాడి కంటే సున్నితం.

గొడవ మిరపకాయల దగ్గర వచ్చింది. గోదాములో సరుకుందని నమ్మి పెద్దమామ ఒక పాత ఖాతాదారుడికి మాట ఇచ్చాడు. అదే సరుకును చిన్నమామ ఆ పొద్దున్నే వేరేవాళ్ళకు ఇచ్చేసి ఉన్నాడు. మా మండీల్లో మాటంటే మాటే, వెనక్కి తీసుకునేది కాదు. లారీ ఖాళీగా తిరిగిపోయింది, బజార్లో పెద్దమామ తల వంచుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఆయన విరుదునగర్ వెళ్ళి తమ్ముణ్ణి నిలదీస్తుంటే, అవ్వ మధ్యలో వచ్చి, ఒక మాట అడక్కుండా నువ్వు మాట ఇచ్చేస్తే వాడేం చేస్తాడు అందట, అదీ కొట్లో పనివాళ్ళందరి ముందూ. ఆయన చెప్పులేసుకుని వచ్చేశాడు. ఆనాటినించీ తల్లీకొడుకుల మధ్య మాట లేదు. పండగలకు అవ్వ అరిసెలు చేసి బస్సులో పంపేది. ఈయన అవి తినేవాడు, బాగున్నాయనేవాడు కాదు, ఖాళీ డబ్బాలో ఆయన భార్య, మా అత్త, ఏదో ఒకటి నింపి తిరిగి పంపేది. ఏళ్ళు గడిచాయి, డబ్బాలు తిరుగుతూనే ఉన్నాయి, మాట మాత్రం పుట్టలేదు.

ఈలోపు అలాంటి తిరకాసులు ఇంకా జరిగాయి. ఈ కొట్టునించి ఆ కొట్టుకు ఫోను చేసి గోదాములో ఏముందో అడిగేలోపే అక్కడ లెక్క మారిపోయేది. ఫోను గుమాస్తా చేస్తాడు, గుమాస్తా ఎత్తుతాడు, అన్నదమ్ములు మాట్లాడుకోరు. చివరికి పెద్దమామ కొట్లు వేరుచేసుకుందామని కబురు పెట్టాడు. వ్యాపారం వేరయితే వంటా పండగా కూడా వేరవుతాయని అందరికీ తెలుసు. చిన్నమామ వెంటనే గుమాస్తా చేత ఎదురు కబురు పెట్టాడు. ఒక్క దసరా దాకా ఆగు అని బతిమాలుకుని, రెండు కొట్లూ ఒకే లెక్కను ఒకేసారి చూసే ఏర్పాటు చేయిస్తానన్నాడు. ఆ ఏర్పాటు చేయాల్సింది ఎవరయ్యా అంటే, అప్పుడే కంప్యూటరు చదువు ముగించి, పెద్దమామ ఇంట్లో అన్నం తింటూ, కొట్లో బిల్లులు టైపు చేస్తున్న నేను. నా మీద అంత నమ్మకం ఎందుకు పెట్టారో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇంట్లో వేరే ఎవరికీ ఆ పెట్టెను ముట్టుకునే ధైర్యం లేదు, అదొక్కటే నా అర్హత.

చేయాల్సిన పని ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. విరుదునగర్‌లో ఒక కంప్యూటరు, దాన్నే సర్వరు అనేవాళ్ళం, అందులో డేటాబేసు. సరుకుకు ఒక పట్టిక, లారీలకు ఒకటి, ఖాతాదారులకు ఒకటి. ఈ పట్టికలన్నీ ఒకదానికొకటి చుట్టాలు, ఏ మూట ఏ లారీలో ఏ ఖాతాదారుడికి పోయిందో అడిగితే మూడూ కలిసి జవాబు చెబుతాయి. కోవిల్‌పట్టిలో ఇంకో కంప్యూటరు, అందులో నేను రాసిన స్క్రిప్టు. అది ఫోనుతీగ మీద విరుదునగర్ నంబరుకు డయల్ చేయాలి. అవతల మోడెం అనే చిన్న పెట్టె ఆ ఫోనును ఎత్తి ఒక కూత కూయాలి. ఇవతలి మోడెం బదులు కూయాలి. రెండింటికీ పొత్తు కుదిరాక స్క్రిప్టు డేటాబేసు వాకిట్లో నిలబడి, తన పేరూ రహస్యపదమూ చెప్పి, లోపలికి రమ్మంటే వెళ్ళి, మినుములు ఎన్ని మూటలున్నాయని అడిగి తెచ్చుకోవాలి. ఇప్పుడు మా పిల్ల రెండు వరుసల్లో రాసి పారేసే ఈ తతంగానికి అప్పట్లో నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

సర్వరు పెట్టడానికి విరుదునగర్ వెళ్ళి కొన్నాళ్ళు అవ్వ దగ్గరే ఉన్నాను. కొట్టు ముందు, ఇల్లు వెనక. మధ్యగదిలో ఫోను ఉండే బల్ల మీదనే సర్వరును కూర్చోబెట్టాం. ఆ గది అవ్వది. ఆమె మంచం అక్కడే, వక్కాకు డబ్బా అక్కడే, కొట్టుకు వచ్చే ఫోనులు ముందుగా ఎత్తి ఎవరు, ఏ ఊరు, పిల్లలు బాగున్నారా అని అడిగి ఆ తరవాతే కొట్లోకి కేకవేసేదీ ఆమే. కోవిల్‌పట్టి గుమాస్తా ఫోను చేసినా అంతే, కానీ అతన్ని మాత్రం ఇంకొంచెం ఎక్కువసేపు పట్టుకునేది: అక్కడ ఎండ ఎట్లా ఉంది, అయ్య మోకాలి నొప్పి తగ్గిందా, సరిగ్గా తింటున్నాడా. అయ్య అంటే పెద్దమామ. గుమాస్తా పాపం కొన్ని నిజాలూ కొన్ని అబద్ధాలూ కలిపి చెప్పేవాడు.

అందుకే, ఇకనించి కోవిల్‌పట్టి ఫోను మోడెమే ఎత్తుతుందని నేను చెప్పినప్పుడు ఆమె నొచ్చుకుంది. ‘ఇంటికొచ్చిన పోను పెట్టె ఎత్తేదా? మనిషి వుండంగా?’ అంది. నేను ఏదో సర్దిచెప్పాను గానీ, ఆమెకు అది మింగుడుపడలేదు. అయినా సర్వరు మీద కోపం పెట్టుకోలేదు. వేడెక్కుతుందని విని మధ్యాహ్నాలు విసనకర్ర తెచ్చి దాని పక్కన కూర్చుని కాసేపు నాకూ కాసేపు దానికీ విసిరేది. సాయంత్రం నాకు కాఫీ ఇస్తూ, దానికేమన్నా కావాలా అని అడిగేది. నేను నవ్వితే తనూ నవ్వేది. పూర్తిగా తమాషాకే అడిగేదని మాత్రం నేను ప్రమాణం చేయలేను.

కోవిల్‌పట్టికి తిరిగొచ్చి, సరస్వతి పూజ ముందటి రోజు పరీక్షించి చూశాను. మోడెం డయల్ చేసింది, అవతలిది కూసింది, పొత్తు కుదిరింది, మినుముల మూటలు తెరమీదకు వచ్చాయి. ఒంటరిగా గదిలో ఉన్నాను కాబట్టి ఎవరూ చూడలేదు గానీ, కుర్చీలోంచి లేచి రెండు గెంతులు వేశాను. పెద్దమామకు చెబితే తల ఊపి, విజయదశమి పొద్దున మంచి గడియలో తన కళ్ళతో చూస్తాననీ, వచ్చిందా సరి, రాలేదా ఆ మధ్యాహ్నమే పెద్దమనుషులను పిలిచి కొట్లు వేరుచేస్తాననీ అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలసిపోయినవాడిలా అన్నాడు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

మా వైపు పూజ సంగతి తెలియనివాళ్ళకు ఒకమాట. సరస్వతి పూజనాడు పనిముట్లన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, పూజలో కూర్చోబెడతారు: త్రాసు, రాళ్ళు, మూటలు కుట్టే దబ్బనం, బిల్లుపుస్తకం, బండి తాళంచెవి. ఇక వాటిని ఎవరూ ముట్టకూడదు. మరునాడు విజయదశమికి హారతి ఇచ్చి, త్రాసును ఒకింత కదిలించి చేతికి తీసుకుంటే పూజ ఎత్తినట్టు. ఆ తరవాతే పని మొదలు. మా అమ్మ పుట్టింట్లో ఆ పూజ ఎత్తేది ఇంటి పెద్దకొడుకు. మా పెద్దమామ ఆ పొద్దున తలస్నానం చేసి, కోవిల్‌పట్టి కొట్లో త్రాసును తనే ఎత్తి, పక్కనే గంధం బొట్టుతో ఉన్న నా కంప్యూటరును కూడా రెండు చేతులా తాకి కళ్ళకద్దుకున్నాడు. తరవాత కుర్చీ లాక్కుని నా వెనక కూర్చున్నాడు. అత్త ద్వారం దగ్గర నిలబడింది. తూకం వేసే పెద్దాయన, గుమాస్తా, ఇద్దరు దళారులు గోడవారగా చేరారు.

నేను దేవుణ్ణి తలుచుకుని స్క్రిప్టు నడిపాను. మోడెం నంబరు తిప్పింది. దానికి చిన్న స్పీకరు ఉండేది, అవతల గంట మోగడం అందరికీ వినిపించింది. మోగింది, మోగింది, ఇక కూత వినాలి. కూతకు బదులు టక్కుమని ఫోను ఎత్తిన చప్పుడయి, మా గదంతా నిండేట్టు అవ్వ గొంతు వినిపించింది. ‘హలో! ఎవురది?’

మా మోడెం ఏమో తన ధర్మం ప్రకారం కూ, కూ అని ఆమె చెవిలో కూస్తోంది. ‘ఎవురది? మాట్లాడండా!’ అని ఆమె ఇంకో రెండుసార్లు అడిగి ఫోను పెట్టేసింది. దళారి ఒకడు కిసుక్కున నవ్వాడు. సర్వరు ఏమయింది, మోడెం ఏమయింది, తీగ ఊడిందా, నేను రాసిన దాంట్లో తప్పుందా అని నా బుర్రలో గింగిరాలు తిరుగుతుండగానే, స్క్రిప్టు తనంతట తనే రెండోసారి డయల్ చేసింది. కలవకపోతే మళ్ళీ ప్రయత్నించమని దానికి నేనే నేర్పాను మరి. ఈసారి అవ్వ, వేరే పని లేదా అని, తమిళం కలిపి గట్టిగానే తిట్టింది: ‘పండగపూట వేరే వేల లేదా మీకు? కూకూ అంట, కూకూ! కుయిల్ అనుకుంటా వుండావా నువ్వు?’ ఈసారి తూకం పెద్దాయన కూడా నోటికి తుండు అడ్డం పెట్టుకున్నాడు. అత్త ఇంక ఆపుకోలేక వెనక్కి తిరిగి నవ్వింది.

పెద్దమామ నవ్వలేదు. నేను భయపడుతూ ఆయన ముఖంలోకి చూశాను. కోపం ఉంటుందనుకున్నాను, అది లేదు. కుర్చీ అంచుకు జరిగి, మోడెం వైపు తల వంచి, గొంతు ఇంకా వినాలన్నట్టు కూర్చున్నాడు. అన్నేళ్ళలో ఆయన ఆ గొంతు వినడం అదే మొదటిసారని నాకు అప్పుడు తట్టింది. స్క్రిప్టును ఆపేద్దామని వేళ్ళు మీటల మీద పెట్టాను. ఆయన చెయ్యి ఎత్తి వద్దన్నాడు. ‘వుండనీ పాపా. ఇంగోసారి కొట్టనీ’ అన్నాడు.

మూడోసారి గంట మోగింది. అవ్వ ఎత్తింది కానీ వెంటనే మాట్లాడలేదు. మోడెం కూస్తూనే ఉంది. ఆమె ఊపిరి కూడా మాకు వినిపిస్తోంది. తరవాత, తిట్టిన గొంతు కాదు, చాలా మెల్లగా అడిగింది.

‘పెద్దోడా? నువ్వేనా రా?’

పెద్దమామ కుర్చీలోంచి లేచాడు.

‘నువ్వేలే. నాకు తెలుసు. మాట్లాడకుంటే పోనీ, నేను చెప్పేదన్నా విను. పూజ ఇంకా ఎత్తలేదు రా. చిన్నోడు ఆ కొత్తపెట్టె ముట్టాల, ఆలస్యం అవతా వుండాదని పొద్దున్నించి గునుస్తానే వుండాడు, నేనే వద్దంటిని. నువ్వు వచ్చి ఎత్తాల కద? ఏటేటా మద్దేనం దాకా నీకోసరం చూస్తానే వుండా. వాకిలి తెరిసే వుండాది.’

సంగతి అదీ. చిన్నమామ ఎంత చదువుకున్నవాడైనా, సర్వరును కూడా పనిముట్లతోపాటే పూజలో కూర్చోబెట్టారు. మోడెం, సర్వరు రెండూ ఆర్పి, గంధం పూసి, పట్టుగుడ్డ కప్పి, తల మీద చామంతులు పెట్టారు. పెద్దకొడుకు రాకుండా పూజ ఎత్తకూడదని అవ్వ పంతం. గొడవయిన నాటినించీ ప్రతి విజయదశమికీ మధ్యాహ్నం దాకా వాకిలి వైపు చూస్తూ కూర్చుని, ఇక రాడని తెలిశాక, చిన్నకొడుకు చేత ఎత్తించేదట. చిన్నమామ ఇంట్లోవాళ్ళెవరూ ఈ సంగతి మాకు చెప్పలేదు. చెప్పొద్దని ఆమె ఆజ్ఞ. ఆ పొద్దున చిన్నమామ మాకు ఫోను చేసి విషయం చెబుదామని చూస్తే, మా తీగను నా స్క్రిప్టు పట్టుకుని కూర్చుంది.

నేను చేసిన తెలివైన పని ఏదైనా ఉందంటే, ఆ క్షణంలో మోడెం తీగను గోడలోంచి లాగెయ్యడమే. దానికంటే ముందే పెద్దమామ, అదే తీగకు తగిలించి ఉన్న పక్కబల్ల మీది ఫోను రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. స్పీకరు ఆగిపోయింది, అవ్వ ఇంకేమందో మాకు వినబడలేదు. మాకు వినిపించింది ఆయన మాటలే. ‘నేనే మా’ అన్నాడు. చాలాసేపు విన్నాడు. తరవాత, ‘వస్తా వుండా. నువ్వు నీళ్ళన్నా తాగినావా? తాగు ముందు’ అన్నాడు. రిసీవరు పెట్టేసి, పైపంచెతో ముఖం తుడుచుకుని, మా ఎవరివైపూ చూడకుండా చెప్పులేసుకుని, ఏళ్ళక్రితం విరుదునగర్‌నించి ఎంత వడిగా వచ్చేశాడో అంత వడిగానూ బస్టాండుకు నడిచాడు. అత్తకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. అరిసెల డబ్బా తిరిగి పంపాలి, అది తీసుకోకుండానే పోతున్నాడే అని డబ్బా పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

నేను కంప్యూటరు ముందు మిగిలిపోయాను. దళారులు వెళ్ళిపోయారు, గుమాస్తా భోజనానికి వెళ్ళాడు, తూకం పెద్దాయన మినుముల మూట మీద తల వాల్చి నిద్రపోయాడు. సాత్తూరు దాటి ఉంటాడు, ఇప్పటికి విరుదునగర్ చేరి ఉంటాడు, ఇప్పుడు కాళ్ళు కడుక్కుంటూ ఉంటాడు అని మనసులో లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను. ఎండ ముదిరాక మోడెం తీగ మళ్ళీ తగిలించి, ఉండబట్టలేక స్క్రిప్టు నడిపాను. గంట ఒక్కసారే మోగింది. టక్కుమంది. అవ్వ కాదు, బొంగురుగా, బారుగా, ఆ మోడెం కూత. నా జీవితంలో నేను విన్న సంగీతంలో దానికి పెద్ద స్థానం లేదు గానీ, ఆ రోజు మాత్రం కళ్ళు మూసుకుని విన్నాను. స్క్రిప్టు వాకిట్లో నిలబడింది, పేరు చెప్పింది, లోపలికి వెళ్ళింది, మినుములూ పెసలూ మిరపకాయలూ బారులుతీరి తెరమీదకు వచ్చాయి. సంతోషం పట్టలేక పెద్దాయనను తట్టిలేపి చూపించాను. ఆయన కళ్ళు నులుముకుని చూసి, ‘అయితే పూజ ఎత్తేసినారు’ అని మళ్ళీ పడుకున్నాడు.

పెద్దమామ మరునాడు తిరిగొచ్చాడు, చేతిలో అరిసెల డబ్బా, నిండుగా. కొట్లు వేరుచేసే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, ఎవరూ గుర్తు చేయలేదు. నా కుర్చీ వెనక కూర్చుని, గోదాములో మిరపకాయలు ఎన్నున్నాయో చూపించమన్నాడు, చూశాడు, ‘సరి’ అన్నాడు. నా పెద్ద పరీక్ష ఆ ఒక్క మాటతో అయిపోయింది. కాస్త ఎక్కువ మెచ్చుకుని ఉండొచ్చు అని నాకు లోపల ఉక్రోషం లేకపోలేదు.

ఆ తరవాత ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది, దానికి ఏ పుస్తకంలోనూ పేరు లేదు. విరుదునగర్ మోడెంను ఎప్పుడూ వెలిగించే ఉంచితే ఇక్కడ ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేకుండా స్క్రిప్టు తనే లెక్క తెచ్చుకుంటుందని నేను చెప్పాను. ఆయన ససేమిరా అన్నాడు. రాత్రి దాన్ని ఆర్పాల్సిందే, అంతసేపు వెలిగితే పాడైపోదా అన్నాడు. అలా పాడవదని నేనెంత చెప్పినా వినలేదు. కొట్టు తెరవగానే నా కంప్యూటరు జోలికి పోకుండా ఆయన ముందుగా ఫోను తీసి, తన వేలితో నంబరు తిప్పి, ‘అమ్మా, పెట్టె లేసిందా?’ అని అడిగేవాడు. లేవలేదు, ఇప్పుడే లేపుతా అనేది ఆమె. లేపడానికి ఒక మీట నొక్కితే చాలు; వీళ్ళకు మాత్రం ఎండ సంగతీ, మోకాలి సంగతీ, రాత్రి ఏం తిన్నారనే సంగతీ అయ్యేదాకా ఆ మీట దొరికేది కాదు. నేను స్క్రిప్టు సిద్ధం చేసుకుని, వేలు మీట మీద పెట్టుకుని, గడియారం చూస్తూ గునుక్కుంటూ కూర్చునేదాన్ని. ఎంత తెలివితక్కువదాన్నో! ఆ వేళ నా ఉద్యోగంలోకెల్లా మంచి వేళ అని ఎవరన్నా చెప్పి ఉంటే బావుండేది.

అలా చాలా ఏళ్ళు నడిచింది. తరవాత ఎప్పుడూ తెరిచే ఉండే ఇంటర్నెట్టు తీగ వచ్చింది, మోడెంలు అటకెక్కాయి. అయినా పెద్దమామ పొద్దున్నే ఫోను చేసి పెట్టె లేచిందా అని అడగడం మానలేదు. ఆమె కూడా అది ఆర్పకుండానే వెలుగుతోందని ఎన్నడూ చెప్పలేదు. అవ్వ పోయిన ఏటి విజయదశమికి విరుదునగర్‌లో పూజ ఎత్తడానికి పెద్దమామే వెళ్ళాడు. త్రాసు ఎత్తాడు. సర్వరు మీది పట్టుగుడ్డ తీయబోయి, చెయ్యి ఆగిపోయి, అవ్వ మంచం మీద కూర్చుండిపోయాడని చిన్నమామ చెప్పాడు. ఆ పొద్దున నేను కోవిల్‌పట్టి కొట్లో ఉన్నాను. అలవాటుకొద్దీ ఎవరైనా ఫోను చేస్తారేమోనని ఫోనువైపే చూశాను.

ఇప్పుడు ఆ మామలిద్దరూ లేరు. కొట్లు వాళ్ళ పిల్లలు చూసుకుంటున్నారు, ఏ గొడవా లేకుండానే వేరయ్యాయి, ఒకరి సరుకు ఒకరు అడగాల్సిన అవసరమే లేదు. లెక్కలన్నీ ఎవరూ చూడని ఏదో దేశపు సర్వరులో ఉన్నాయి. అది ఆరదు, అలసిపోదు, దానికి విసనకర్ర అక్కర్లేదు. మంచిదే. పాత కష్టాలు మళ్ళీ రావాలని నేను కోరుకోవడం లేదు; ఆ కూతలూ ఆ తీగలూ నాకేమీ సుఖం కావు. కానీ అప్పట్లో అవతల ఏదైనా పలకకపోతే, దానికి కారణం ఒక మనిషి అయి ఉండేది. కనుక్కోవాలంటే ఆ మనిషినే అడగాల్సి వచ్చేది.

మొన్న మా చెల్లెలి కూతురికి కూడా చివరికి ఇదంతా చెప్పాను; విని, గంధం బొట్టున్న మూతను వేలితో నిమురుతూ కూర్చుంది. తరవాత స్క్రిప్టును మళ్ళీ నడిపింది. ఈసారి వెంటనే కనెక్ట్ అయింది. తెర మీద అంకెలు వరుసగా వచ్చేశాయి, చప్పుడు లేకుండా. వచ్చేసింది పెద్దమ్మా అని ఆ పిల్ల సంతోషంగా తన పనిలో పడింది. నేను బొరుగుల గిన్నె చేత్తో పట్టుకుని ఇంకా చెవి ఒగ్గి నిలబడే ఉన్నాను. అవతల ఎవరూ, ఎవురది అని అడగలేదు.